నాలుగు ముడుల సీసా

టీచరమ్మ తన బ్యాగును కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది.

“కుట్టుకు వంక పెట్టడానికి లేదు,” అంది. తర్వాత కాస్త నసిగింది. “ముందు వైపు ఒక రంగు, పక్కన ఇంకో రంగు ఉన్నట్టుంది. నా కళ్ళకేనా అలా?”

సీట్లాయన తన భార్య వైపు చూశాడు. భార్య బ్యాగు వైపు చూసింది. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పట్టుకుని చూసింది, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

“మీ కళ్ళకు కాదమ్మా. నా కళ్ళకే ఏదో అయింది,” అంది.

ఆ ఇంట్లో రంగు తప్పడం అదే మొదటిసారి.

సీట్లాయన బతుకంతా బస్సుల షెడ్డులో సీట్లు కుట్టాడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని సీట్లాయన అనే పిలుస్తుంది. ఉద్యోగం అయిపోయాక చేతులు ఊరుకోలేదు. పాత తోలు హ్యాండ్‌బ్యాగులు బాగుచేయడం మొదలుపెట్టాడు. ముందుగదే షాపు. గోడ పక్కన కుట్టుమిషను, మధ్యలో బల్ల, బల్ల మీద కత్తి, సూదులు, మైనం ముద్ద. కిటికీకి అడ్డంగా కట్టిన తాడుకు రంగు ఆరాల్సిన పట్టీలు వేలాడుతుంటాయి. అల్మరాలో రంగుల సీసాలు. సూదీ కత్తీ ఆయనవి. స్పాంజీ, సీసాలు భార్యవి.

“రంగు మీరు వేయరా?” అని ఎవరైనా అడిగితే, “ఆవిడ చేయి మంచిది,” అనేవాడు. అంతకంటే పొడుగు మాట ఆయన నోటి నుంచి రావడం అరుదు.

అసలు సంగతి వేరు. ఆయనకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి. మెరూన్, ముదురు ఆకుపచ్చ పక్కపక్కన పెడితే రెండూ తడిసిన మట్టిలాగే ఉంటాయి. పుట్టుకతో వచ్చినది. షెడ్డులో ఎవరికీ తెలియదు. తెలిస్తే సీట్ల పని ఇచ్చేవాళ్ళు కాదు.

తెలిసింది ఒక్క మనిషికే. ఆ రోజుల్లో ఆమె బస్‌స్టాండు కౌంటర్లో టికెట్లు ఇచ్చేది. ఒక సాయంత్రం బ్యాగు పట్టీ తెగి షెడ్డుకు వచ్చింది. ఆయన కుట్టిచ్చాడు. మర్నాడు మళ్ళీ వచ్చింది.

“కుట్టు గట్టిగా ఉంది. మెరూన్ బ్యాగుకు ఆకుపచ్చ దారం ఎందుకు వేశారో చెబితే వెళ్ళిపోతాను,” అంది.

ఆయన దారాల పెట్టె వైపు చూశాడు. ఆమె ఆయన మొహంలోకి కాసేపు చూసింది. పెట్టెలోంచి రెండు దారపు ఉండలు తీసి చేతిలో పెట్టుకుని, “వీటిలో ఎర్రది ఏది?” అంది. ఆయన ఒకటి చూపించాడు. అది కాదు. ఆమె నవ్వలేదు. రెండో ఉండ కొసకు ఒక ముడి వేసి, “ముడి ఉన్నది ఎరుపు. నేను ఎవరికీ చెప్పను,” అంది.

నిజంగానే ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయ్యాక కూడా షెడ్డుకు తీసుకెళ్ళే దారాలన్నిటికీ ఇంట్లోనే ముడులు వేసి పంపేది. “రహస్యం బయటకు పొక్కుతుందని మనిషినే ఇంట్లో తెచ్చి పెట్టుకున్నారు,” అని ఎగతాళి చేసేది. ఒక్క ఒప్పందం మాత్రం ఉంది ఇద్దరి మధ్యా. “రంగు విషయంలో నేను మీకు ఎప్పుడూ అబద్ధం చెప్పను. మీరు నన్ను అడక్కుండా రంగు జోలికి పోవద్దు.” రెండు వైపులా మాట నిలబడింది.

ఆ ఆకుపచ్చ కుట్టును మాత్రం ఆమె విప్పనివ్వలేదు. విప్పి మంచి దారంతో కుడతానని ఆయన ఎన్నిసార్లు అడిగినా, “మీ చేయి అక్కడే ఉండనివ్వండి,” అనేది.

బ్యాగుల పని పెట్టాక ముడులు సీసాల మెడకెక్కాయి. చీటీలు అంటిస్తే రంగు కారి చెరిగిపోయేవి. దారమైతే వేలికి తెలుస్తుంది. నలుపుకు ఒక ముడి, తేనె రంగుకు రెండు, మెరూన్‌కు మూడు, ఆకుపచ్చకు నాలుగు. ఆమె రంగులు సొంతంగా కలిపి, ఖాళీ మందు సీసాల్లో పోసి, మెడకు దారం కట్టేది.

*

కంట్లో శుక్లం ముదిరిందన్నాడు డాక్టరు. రెండు కళ్ళకూ ఉంది, ముందు కుడి కంటికి ఆపరేషన్ అన్నాడు. ఇంట్లో స్పిరిట్ వాసన, రంగుల వాసన. అవి కంటికి పడవు కాబట్టి కొన్నాళ్ళు వేరేచోట ఉంటే మంచిదన్నాడు. రెండు వీధుల అవతలే ఆమె అక్క ఇల్లు. సీట్లాయనకు వదిన. పరీక్షలకు తీసుకెళ్ళింది కూడా ఆవిడే.

ఆపరేషన్ రోజు పొద్దున చలిగా ఉంది. “నా మెరూన్ స్వెటర్ ఇవ్వండి, చెక్క గుండీలది,” అంది భార్య. ఆయనే తొడిగి గుండీలు పెట్టాడు.

“భయమా?” అన్నాడు.

“భయం కాదు. కట్టు విప్పాక అన్నీ కొత్తగా కనిపిస్తాయట. ఇంటికొచ్చాక ముందు ఏం చూస్తానో అని.”

“నేనుంటాగా.”

“అదే నా బెంగ,” అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆపరేషన్ అయ్యాక ఆమెను వదిన ఇంట్లో దింపి వచ్చిన ఆయనకు పొద్దుపోలేదు. బీరువా పైనుంచి ఒక పాత సంచి దించాడు. అందులో ఆ ఆకుపచ్చ కుట్టు బ్యాగు ఉంది. మూలలు చెప్పు మడమలా అరిగిపోయాయి. మూత మీద సన్నని పగుళ్ళు. ఆమె చేయి పట్టిన చోట పట్టీ పలచబడింది. లోపలి గుడ్డ మీద టికెట్ల సిరా మరక ఇంకా ఉంది. ఊరందరి బ్యాగులూ ఆ బల్ల మీద కొత్త మొహాలు పెట్టుకుని వెళ్ళాయి. ఆమె బ్యాగు మాత్రం బీరువా ఎక్కి కూర్చుంది. మన పనికేం తొందర అనుకుంటూనే ఇన్నేళ్ళు గడిచిపోయాయి.

ఆయన మనసులో ఒకటే కోరిక పుట్టింది. ఆమె ఇంటికి వచ్చి నల్లద్దాలు తీసేసరికి బల్ల మీద ఈ బ్యాగు ఉండాలి. కుట్టించుకున్న మర్నాడు షెడ్డు గుమ్మంలో ఆమె భుజాన ఎలా ఉందో అలాగే ఉండాలి. కొత్త కంటికి ముందు అదే కనిపించాలి.

పని తెలిసిందే. తడిగుడ్డకు సబ్బు రాసి మురికి తీశాడు. దూదితో స్పిరిట్ పెట్టి పాత పూత ఎత్తేశాడు. పగుళ్ళలో లప్పం నింపి, ఆరాక సన్నని గరుకు కాగితంతో సాపు చేశాడు. తోలుకు నూనె పట్టించాడు. ఎండిన పెదవులకు వెన్న రాసినట్టు తోలు మెత్తబడింది. ఇత్తడి కొక్కేన్ని సుద్దపొడితో తోమితే మెరిసింది. పట్టీ మొదట్లో ఉన్న ఆ ఆకుపచ్చ కుట్టు మీద మాత్రం మైనం దట్టంగా రుద్దాడు, రంగు అంటకుండా. వదిన క్యారేజీ తీసుకుని వచ్చిన చప్పుడైతే చాలు, బ్యాగును మంచం కిందికి తోసేసేవాడు. ఆవిడ చూసిందంటే చెల్లెలికి చెప్పకుండా నిద్రపోదు.

ఇక రంగు. బ్యాగును మంచం కిందే ఉంచి, మూడు ముడుల సీసా కోసం అల్మరా తలుపు తీశాడు. లోపల సీసాలు అద్దాల్లా మెరుస్తున్నాయి. మెడల మీద దారాల్లేవు.

వెనకనుంచి వదిన గొంతు వినిపించింది. “ఎలా ఉంది మరిదీ? పొద్దున నువ్వు బజారుకెళ్ళినప్పుడు సర్దాను.”

ఆయన ఒక్కో సీసా మెడా తడిమాడు. అన్నీ నున్నగా ఉన్నాయి.

“వీటికి దారాలుండాలి, వదినా.”

“ఆ జిడ్డు దారాలా? ముట్టుకుంటే చేతికి అంటుకుంటున్నాయి. కోసి పారేశాను. చెల్లికి ఊడ్చడం వచ్చు గానీ మూలలు తుడవడం చిన్నప్పటి నుంచీ రాదు.”

“పారేశారా?”

“పారేయక పెట్టెలో దాస్తానా? బంగారు గొలుసులు పోయినట్టు మొహం పెట్టావేంటి? సీసాలు పొడుగూ పొట్టీ వరసలో పెట్టాను, చూశావా?”

“చూశాను.”

“బాగుందనొచ్చుగా. నోరేం అరిగిపోదు.”

“బాగుంది,” అన్నాడు.

నలుపు తెలుస్తుంది. తేనె రంగు లేతగా ఉంటుంది, అదీ తెలుస్తుంది. మిగిలినవి రెండు. ఒకటి మెరూన్, ఒకటి ఆకుపచ్చ. ఏది ఏదో ఆయనకు దేవుడు చెప్పలేదు. చెప్పే మనిషి రెండు వీధుల అవతల కంటికి కట్టుతో కూర్చుంది. ఆమెను అడిగితే ఏం పని పెట్టుకున్నాడో ఇట్టే కనిపెట్టేస్తుంది. వదినను సూటిగా అడిగితే ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్న మాట సాయంత్రానికి వీధి చివరకు చేరుతుంది.

వదిన వెళ్ళాక వంటింట్లోంచి పండిన టమాటా తెచ్చాడు. టమాటా ఎర్రగా ఉంటుందని లోకమంతా అంటుంది కదా. రెండు సీసాల్లోంచి చెరో చుక్క తీసి తోలుముక్క మీద వేసి, పక్కన టమాటా పెట్టి, కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాడు. రెండు చుక్కలూ ఒకేలా ఉన్నాయి. టమాటా ఎవరి పక్షమూ పట్టలేదు. కాసేపటికి విసుగొచ్చి దాన్ని తినేశాడు.

మర్నాడు వదిన రాగానే తోలుముక్క ఆవిడ ముందు పెట్టాడు.

“వదినా, ఈ రెండూ చూడండి.”

“చూశాను.”

“ఏది బాగుంది?”

“రెండూ బాగానే ఉన్నాయి.”

“తేడా ఏంటి?”

“ఒకటి ఎడమవైపు ఉంది, ఒకటి కుడివైపు ఉంది. ఏంటి మరిదీ, ఎప్పుడూ పన్నెత్తి పలకరించనివాడివి, ఇవాళ పరీక్షలు పెడుతున్నావు?”

“కొత్తగా కలిపినవి. పేర్లు పెడదామని.”

ఆ అబద్ధం ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. వదినకు మాత్రం హుషారు వచ్చింది. ముక్కను చేతిలోకి తీసుకుని ఆలోచించింది.

“ఈ ఎడమదుందే, ఇది అచ్చం చెల్లి ఆసుపత్రికి వేసుకొచ్చిన స్వెటర్ రంగు. స్వెటర్ రంగు అని పెట్టు. ఈ కుడిదానికి రేపు ఆలోచించి చెప్తాను.”

ఆయనకు ప్రాణం లేచివచ్చింది. స్వెటర్ తొడిగింది తనే. చెక్క గుండీలు పెట్టింది తనే. మెరూన్ అని ఆమె నోటితోనే చెప్పింది. ఇంకేం కావాలి?

ఎడమ చుక్క సీసాకు అప్పుడే దారం కట్టి మూడు ముడులు వేశాడు.

స్పాంజీ పట్టడం ఆయనకు అలవాటు లేదు. ఆమె ఎలా చేసేదో తలుచుకుంటూ చేశాడు. ఒత్తకూడదు, నిమరాలి. ఒక పూత వేసి నీడలో ఆరబెట్టాలి. మళ్ళీ పలచగా ఇంకో పూత. “తొందరపడితే తోలు అలుగుతుంది,” అనేది ఆమె. తోలు అలగకుండా ఓపికగా వేశాడు. అంచులకు మైనం రాసి, మెత్తటి గుడ్డతో మెరుగు పెట్టాడు. చివర గోటితో గీకి, ఆ కుట్టు మీది మైనం తీసేశాడు. బ్యాగు తడిసిన మట్టిలా నిగనిగలాడింది. షెడ్డు గుమ్మంలో చూసినప్పుడు కూడా ఆయనకు అచ్చం అలాగే కనిపించింది.

*

ఆమె వచ్చే పూట ఇల్లంతా కిటికీలు తీసి గాలి ఆడనిచ్చాడు. బ్యాగును బల్ల మీద పెట్టి తెల్లగుడ్డ కప్పాడు.

అక్కచెల్లెళ్ళు గుమ్మం దగ్గరే మొదలుపెట్టారు.

“మెట్టు, మెట్టు చూసుకో.”

“కనిపిస్తోంది అక్కా. నీ గడ్డం మీద వెంట్రుక కూడా కనిపిస్తోంది.”

“దీనికి కన్ను ఎందుకు బాగుచేయించామో!” అంది వదిన, గడ్డం తడుముకుంటూ.

భార్య లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆయన కిటికీ తెర సగం లాగాడు.

“ఇంట్లో అద్దాలు తీయొచ్చా?”

“తీయొచ్చన్నారు.”

ఆమె నల్లద్దాలు తీసింది. ఆయన తెల్లగుడ్డ తీశాడు. బ్యాగు వైపు చూడలేదు, ఆమె మొహమే చూస్తున్నాడు. ఆ మొహం దీపం వత్తి ఎగదోసినట్టు వెలిగింది. వెంటనే కనుబొమలు కొంచెం పైకి లేచాయి. తెరవబోయిన నోరు మూతబడింది.

ఈలోగా వదిన ముక్కు మీద వేలేసుకుంది.

“ఓరి నాయనో, ఇది నా మొదటి జీతంతో కొనిచ్చిన బ్యాగు కదే! మెరూన్ బ్యాగును ఆకుపచ్చ చేసి కూర్చోబెట్టాడేంటి? ఏం మరిదీ, కొంపదీసి నీకు రంగులు...”

“నేనే వేయమన్నాను, అక్కా,” అంది భార్య. తడుముకోలేదు, ఆయన వైపు చూడనైనా లేదు. “ఎప్పుడూ మెరూనేనా అని. మార్పు కోసం.”

“మరి నాతో ఒక్క మాటన్నా అనలేదే! ఓహో, అందుకా ఆ రోజు రంగులు చూపించి పేర్లు పెట్టమన్నావు! చెప్పానుగా, ఇదే, ఆ స్వెటర్ రంగే. పరీక్షలకు నేను తీసుకెళ్ళిన రోజు వేసుకొచ్చిందే, ఆ ఆకుపచ్చ స్వెటర్.”

సీట్లాయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. రెండు స్వెటర్లు, రెండు ఆసుపత్రి రోజులు. రెండోది ఆయన బుర్రకే రాలేదు. రంగు వేయమని ఆమె ఆయనతో ఎన్నడూ అనలేదు. ఇంకొకరి ముందు ఆయన్ని కాపాడటానికి పాత ముడి మళ్ళీ వేసింది, అంతే.

వదిన టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. ఇద్దరూ మిగిలారు.

“ఏ రంగు?” అని అడిగాడు ఆయన.

ఆమె ఒప్పందం తప్పలేదు. “ఆకుపచ్చ,” అంది.

“మొత్తమా?”

“ఒక్క మూల కూడా వదల్లేదు. పని మాత్రం చక్కగా చేశారు.”

“కడిగేస్తాను. స్పిరిట్ పెడితే వచ్చేస్తుంది. మళ్ళీ మొదటి నుంచి...”

“నన్ను అడిగితే పోయేదిగా.”

“అడిగితే నీకు తెలిసిపోతుంది.”

“ఇప్పుడు తెలియలేదా?”

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. తన లెక్కలో చాలా పెద్ద మాట మాట్లాడాడు. “నువ్వు షెడ్డుకు రెండోసారి వచ్చిన రోజు నీ భుజాన ఎలా ఉందో, నీ కొత్త కంటికి ముందు అలా చూపిద్దామనుకున్నాను. అప్పుడు దారం తప్పాను. ఇప్పుడు బ్యాగంతా తప్పాను.”

ఆమెకు నవ్వొచ్చింది. డాక్టరు గట్టిగా నవ్వొద్దన్నాడని చేత్తో నోరు మూసుకుంది. భుజాలు మాత్రం ఊగిపోయాయి. బ్యాగును ఒళ్ళో పెట్టుకుని పట్టీ మొదలు వైపు తిప్పింది. అక్కడ ఆగిపోయింది.

“ఇలా రండి,” అంది. ఆయన వేలు పట్టుకుని ఆ పాత కుట్టు మీద పెట్టింది. “ఇది తెలుస్తోందా?”

“నా కుట్టే.”

“ఆకుపచ్చ దారం. ఈ బ్యాగు పట్టుకుని ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు అనేవాళ్ళు, ఇదేంటి, దారం కలవలేదే అని. నా ఇష్టం అనేదాన్ని. ఇవాళ చూడండి.” కొత్త కన్ను బాగా దగ్గరగా పెట్టి చూసింది. “కలిసిపోయింది. ఎక్కడ దారమో, ఎక్కడ తోలో తెలియడం లేదు. ఇన్నేళ్ళకు మీ కుట్టుకు సరిపోయే బ్యాగు చేశారు.”

“నిజంగానా?”

“రంగు విషయంలో నేను మీకు అబద్ధం చెప్పానా?”

ఆయన ఆ వేలు అక్కడే ఉంచి, కుట్టును అటూ ఇటూ నిమిరాడు.

ఆమె కుడి కన్ను మూసి, ఇంకా శుక్లం ఉన్న ఎడమ కంటితో బ్యాగును చూసింది. తర్వాత ఎడమది మూసి కుడి కంటితో చూసింది. మళ్ళీ పాత కంటితో చూసింది.

“దీంతో చూస్తే మట్టి రంగు,” అంది. “మీకు ఇలాగే కనిపిస్తుందా?”

“ఇలాగే అంటే ఎలాగో నాకేం తెలుసు?”

“అదీ నిజమే.” కాసేపు ఆ పాత కంటితోనే చూస్తూ కూర్చుంది. “ఇది కూడా బాగుంది,” అంది.

వదిన టీ తెచ్చి ఇచ్చింది. నిలబడే బ్యాగును ఎగాదిగా చూసింది. చూడగా చూడగా ఆవిడ మొహం మెత్తబడింది.

“మొదట ఉలిక్కిపడ్డాను గానీ, బాగానే ఉందే. నా గోధుమరంగు బ్యాగొకటి మూల పడి ఉంది. దానికీ ఈ రంగే వేసిపెట్టు, మరిదీ.”

“వేస్తాం,” అంది భార్య. “ఈయన కుడతారు, రంగు నేను వేస్తాను. కానీ అక్కా, నా అల్మరా నువ్వు ముట్టుకోవద్దు.”

“ముట్టుకుంటే ఏమైందట? అద్దంలా చేసి పెడితే!”

“అందుకే. నాకు నా మొహం కనపడుతోంది అందులో.”

“కన్ను బాగుపడింది, నాలుక ముదిరింది,” అని గొణుక్కుంటూ వదిన ఖాళీ క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది.

భార్య లేచి బ్యాగు భుజాన వేసుకుంది. అల్మరా తలుపు తీసి, దారపు ఉండ తీసుకుని, ఒక్కో సీసా మెడకూ దారం కట్టడం మొదలుపెట్టింది. ఆయన కట్టిన మూడు ముడుల దారం చూసి తల ఊపి, దానికి ఇంకో ముడి చేర్చింది. ఆ సీసా ఆయన చేతికిచ్చింది.

“ఎన్ని?”

ఆయన బొటనవేలితో తడిమాడు. “నాలుగు.”

“అంటే ఏ రంగు?”

ఆయన సీసా వైపు చూడలేదు. ఆమె భుజం వైపు చూశాడు.

“నీ బ్యాగు రంగు,” అన్నాడు.